గిర్రు మేస్త్రి బండికి వెనక సీటు

మా ఆయన్ని వర్క్‌షాపులో అందరూ గిర్రు మేస్త్రి అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకునేవారు. ఎగతాళిని సన్మానంగా మార్చుకోవడంలో ఉన్న తెలివి ఆయనకు ఇంజన్లలో కూడా ఉండి ఉంటే, మేం ఈపాటికి ఎక్కడో ఉండేవాళ్లం.

ఆయన పని వాల్వులు రుద్దడం. ఇంజను తల విప్పితే లోపల పుట్టగొడుగుల్లా ఉంటాయి వాల్వులు. ఒకటి తెరుచుకుంటే గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, ఇంకోటి తెరుచుకుంటే పొగ బయటికి పోతుంది. వాటి అంచుకు గరుకు పేస్టు రాసి, కర్ర అతికించి, రెండు అరచేతుల మధ్య తిప్పుతూ, చుక్క కిరసనాయిలు కూడా కారనంత బిగువుగా కూర్చునేదాకా రుద్దాలి. పొద్దస్తమానం అదే పని. అన్నం పెడుతున్న ఆ వాల్వులంటేనే ఆయనకు ఒళ్లుమంట.

"చూడవే, స్ప్రింగుతో కొట్టించుకుంటూ ఎలా ఎగిరెగిరి పడతాయో! తలుపు తియ్యడానికి ఎవడైనా దాని నెత్తిమీద మొత్తుతాడా? చక్కగా తిరిగే తలుపు పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకోవచ్చు" అన్నాను. నా ఖర్మ, ఆ ఒక్క మాటా అన్నాను.

పెరట్లో రేకుల పంచ కింద ఒక పాత మోటారు సైకిలు వెలిసింది. ఆయన దాని తల పీకి పక్కన పడేసి, సొంతంగా చేసిన తల బిగించారు. అందులో వాల్వులు లేవు. అడ్డంగా ఒక లావుపాటి కడ్డీ, దానికి కోసిన రెండు కిటికీలు, అంతే. చెయిను లాగుతుంటే, ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి కడ్డీ ఒక చుట్టు తిరుగుతుంది. ఒక కిటికీ ఎదురుపడితే గాలి లోపలికి, రెండోది ఎదురుపడితే పొగ బయటికి. కొట్టుకోవడాలు లేవు, ఎగరడాలు లేవు. చెబుతుంటే నాకు కూడా ఇట్టే అర్థమైపోయింది. నాకే ఇంత తేలిగ్గా అర్థమైనదాన్ని బండ్లు చేసేవాళ్లందరూ ఎందుకు వదిలేశారో, అప్పుడే అనుమానం రావలసింది.

ఎందుకో తర్వాత తెలిసింది. కడ్డీకీ దాని గూటికీ మధ్య సందు ఎక్కువైతే మంట పక్కల నుంచి తప్పించుకుంటుంది, బండి నడవదు. తక్కువైతే వేడికి కడ్డీ ఉబ్బి గూట్లో బిగుసుకుంటుంది, అప్పుడూ బండి నడవదు. మధ్యలో ఆయిలు పోస్తే నడుస్తుంది, ఆ ఆయిలు కాలి వీధి మొత్తం పొగ. మా వీధివాళ్లు దోమల మందు కొనడం మానేశారు. ఒక్కరైనా వచ్చి కృతజ్ఞత చెప్పిన పాపాన పోలేదు.

ఇది చాలదని ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు కిటికీ తొందరగా మూసుకోవాలట, లేకపోతే పీల్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుందట. వేగంగా పోతున్నప్పుడు ఆలస్యంగా మూసుకుంటే ఇంకాస్త గాలి లోపలికి దూరుతుందట. అందుకని చెయినును ఒక పక్క నొక్కి, ఇంకో పక్క వదిలే మీట ఒకటి పెట్టారు. మీట పైకి లాగితే కిటికీ తొందరగా మూసుకుంటుంది, కిందికి దించితే ఆలస్యంగా. అంతా బాగుంది కానీ, బండి తోలేవాడికి రెండు చేతులే. అందుకని ఆ మీట వెనక సీటు దగ్గర, నా మోకాలి పక్కన వెలిసింది.

అలా నేను ఇంజనులో ఒక భాగమయ్యాను. పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"పైకీ!" అని అరిచేవారు. "కిందికీ!" అని అరిచేవారు. మొదట్లో ఆ కేక కోసం చూసేదాన్ని. పోనుపోను నా చెవికే తెలిసిపోయింది. బండి గొంతు బొంగురుపోతే పైకి, ఊపిరాడనట్టు కీచుమంటే కిందికి. ఆయన అరిచేసరికి నా పని అయిపోయి ఉండేది. పాపం, తన కేకకే బండి మారుతోందని చివరిదాకా ఆయన నమ్మకం.

ఊరి అంచున నీళ్ల ట్యాంకుకు పోయే ఎక్కుడు ఉంది. ఆ ఎక్కుడు ఎక్కితే తన తల నెగ్గినట్టేనని ఆయనే పెట్టుకున్న పరీక్ష. సగం ఎక్కాం. మలుపు దగ్గర కడ్డీ బిగుసుకుంది. బండిని తోసుకుంటూ దిగుతుంటే ఎదురుపడ్డ వర్క్‌షాపు యజమాని "ఏం మేస్త్రీ, చెల్లెమ్మకు వ్యాయామం చేయిస్తున్నావా?" అన్నాడు. ఆయన నవ్వి, "ఒక్క వెంట్రుకంత సందు తేడా, అంతే" అన్నారు. తర్వాత ఆ వెంట్రుకంతా సవరించారు. మళ్లీ ఎక్కేలోపే జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకు పాకింది, మనిషి పోయారు. ఆయన చొక్కాల్లో ఆయిలు వాసన ఇంకా ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోదని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఉతకడం లేదు.

మా మరిది సిటీ బస్సు డ్రైవరు. మొన్నామధ్య ఒకరోజు పంచ కింద మూలన పడున్న పాత తలను తుడిచి పట్టుకొచ్చాడు.

"వదినా, బండి ఊరికే తుప్పు పడుతోంది. దీని తల దీనికి బిగిస్తే నేను డ్యూటీకి వాడుకుంటాను."

"మరి మీ అన్నయ్య చేసింది?"

"దాన్నేం చేసుకుంటాం వదినా? పాత ఇనుములోకి..." అని నా ముఖం చూసి ఆగిపోయాడు.

ఒక మనిషి బతుకంతా పెట్టి చేసింది తక్కెడలో పడబోతోంది. ఏడవచ్చు. ఏడిస్తే, పాపం వదిన అని నాలుగు రోజులాగి, అప్పుడు వేస్తారు.

"ట్యాంకు ఎక్కుడు ఎక్కితే?" అన్నాను.

"ఎక్కితే దాని జోలికి రాను. ఎక్కకపోతే మాత్రం మాట్లాడకూడదు."

"నేనెప్పుడు మాట్లాడాను నాయనా?"

మర్నాడు పొద్దున్నే మరిది బండి స్టార్టు చేసి, స్టాండు మీద ఉంచి, కాఫీకి కూర్చున్నాడు. డిపోలో అలవాటట, బస్సు వేడెక్కేదాకా కదపరట. ఎక్కుడు ఇంకా కనపడకముందే కడ్డీని ఉబ్బబెడుతున్నాడు మహానుభావుడు! నేనే వెళ్లి ఆపేశాను.

"అదేంటి వదినా, ఇంజను వేడెక్కొద్దూ?"

"ఇది బస్సు కాదు. చల్లారనీ. ఈసారి స్టార్టు చేస్తే ఇక ఆగేది లేదు."

చల్లారాక బయలుదేరాం. తోడికోడలు గేటు దగ్గర నిలబడి, "అక్కా, గట్టిగా పట్టుకో, ఈయన ప్రయాణికుల్ని పట్టించుకోరు" అంది.

ఎక్కుడు మొదలైంది. మరిది కేకలెయ్యడు. ముందు సీటు నుంచి ఏ అరుపూ వినపడకపోతే వింతగా ఉంది. బండి గొంతు బొంగురుపోయింది, మీట పైకి లాగాను. మలుపు వచ్చింది. బస్సు అలవాటు కదా, మరిది ఎక్సలేటరు వదిలేశాడు. బండి ముక్కింది.

"వదలకు! ఎక్సలేటరు వదలకు!" అని అరిచాను. అరిచింది నేనేనా అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

అదిరిపడి తిప్పాడు. బండి కీచుమంది. మీట దించాను. మళ్లీ బొంగురు, మళ్లీ పైకి. వెనక మలుపంతా పొగలో మునిగిపోయింది. ఎవరో సైకిలు దిగి దగ్గుతున్నారు. ఎప్పుడు ఎక్కామో తెలియలేదు. ట్యాంకు గోడ ఎదురుగా కనపడింది.

బండి ఆగింది. ముందు కూర్చున్న మనిషి మెడ ఆయన మెడలాగే ఉంది, అన్నదమ్ములు కదా. ఇప్పుడు ఇటు తిరిగి సందు గురించి ఉపన్యాసం మొదలుపెడతారు అనుకున్నాను. హెల్మెట్ తీసి తిరిగాడు. మరిది.

"ముట్టుకోనులే వదినా" అన్నాడు నెమ్మదిగా. "అన్నయ్య తల అలాగే ఉంటుంది."

గెలిచాం. గెలిచిన సంబరం ఇంటికొచ్చేదాకా కూడా నిలవలేదు.

"బాగుందక్కా" అంది తోడికోడలు. "మరి ఈయన డ్యూటీకెలా వెళ్తారు? రోజూ నిన్ను వెనకేసుకుని డిపోకు వెళ్తారా? డిపోలో నీకేం పని?"

నాకేం పని? నిజమే. నడవకుండా పంచ కింద నిలబడితే కడ్డీ తుప్పుతో బిగుసుకుంటుంది. ఇంత గెలిచింది దాన్ని అలా చంపుకోవడానికా? తోడికోడలు బట్టలు కుట్టే కంపెనీ డిపో దారిలోనే ఉంది. ఇద్దరూ వెళ్లేదీ వచ్చేదీ ఒకే వేళకు. నా మోకాలి పక్కనే పుట్టిన మీట అది. అయినా తోడికోడలికి వెనక సీటు చూపించి "కూర్చో" అన్నాను.

"ఎప్పుడు లాగాలో చెప్పక్కా."

"చెప్తే రాదు. విను."

"ఏం వినాలి? చెవులు చిల్లులు పడుతున్నాయి!"

"ఆ చిల్లుల్లోంచే విను."

ఇప్పుడు రోజూ ఇద్దరూ అలాగే వెళుతున్నారు. నేను గేటు పట్టుకుని వింటూ ఉంటాను. ఈ పొద్దున కూడా తోడికోడలు వీధి చివర మీట ఆలస్యంగా లాగింది. బండి ముక్కింది, ఆగినంత పనైంది, మళ్లీ అందుకుంది. అరవబోయి ఊరుకున్నాను. నేను అరిస్తే నా గొంతు వింటుంది, బండి గొంతు వినదు. పొగలో ఇద్దరూ మలుపు తిరిగి కనపడకుండా పోయారు. చప్పుడు మాత్రం చాలా దూరందాకా వినపడింది.