జీడిపండు వగరు దిగిన రోజు

సహనకు పట్టుదల ఎక్కువ. దాన్ని మొండితనం అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో మొదటి మనిషి కన్నతల్లి సొన్నమ్మే. చింతామణి దగ్గర, అక్కడివాళ్ళు గోడంబి అని పిలిచే జీడిమామిడి తోటల్లో సొన్నమ్మ కూలికి వెళ్ళేది. పండు కింద వేలాడే గింజను మెలిపెట్టి బుట్టలో వేసుకోవడం, పండును చెట్టు కిందే విసిరేయడం ఆమె పని. ఎర్రగా, పచ్చగా నిగనిగలాడే పళ్ళన్నీ కుళ్ళిపోతుంటే చిన్నప్పటి సహనకు ప్రాణం ఉసూరుమనేది. ఆశకొద్దీ ఒకటి కొరికితే నాలుక పిడచకట్టుకుపోయేది, గొంతు పట్టుకుని దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. మర్నాడు మళ్ళీ కొరికేది. చెప్పానుగా, మొండిది.

ఆ పిల్లే కెమిస్ట్రీ చదివి, ఇప్పుడు నగరంలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పళ్ళరసాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ల్యాబ్ చూసుకుంటోంది. యజమాని హేమంత్‌కుమార్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ జీడిపండు రసం మొదలుపెట్టించింది. వాసన బ్రహ్మాండం, తీపి బ్రహ్మాండం. వగరొక్కటే కొంప ముంచుతోంది.

వగరు పుట్టించేది టానిన్. అదొక పెద్ద అణువు. దాని ఒళ్ళంతా చేతులే అనుకోండి. మన నోటిని జారుడుగా ఉంచే లాలాజలపు ప్రోటీన్లను ఆ చేతులు పట్టేసుకుంటాయి, నోరు ఎండిపోతుంది. ఆ చేతులకు ఇంకేదైనా అందిస్తే దాన్ని పట్టుకుని గిన్నె అడుక్కి దిగిపోతాయి. జెలటిన్ వేస్తే ఇట్టే దిగుతాయి. కానీ జెలటిన్ తీసేది పశువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ.

"మా అమ్మ తాగలేని జ్యూస్ నేను అమ్మనమ్మా" అన్నాడు హేమంత్‌కుమార్. "సీజన్ అయిపోతా ఉండాది. శనివారం లోపల వగరు దింపు. లేదంటే దీన్ని డ్రాప్ చేసి దానిమ్మకు పోదాం."

గంజిలోని పిండిపదార్థం కూడా టానిన్‌ను పట్టుకుంటుందని సహనకు తెలుసు. గంజి అనగానే ఆమె చెయ్యి రాగిపిండి డబ్బా మీదికే వెళ్ళింది. సొన్నమ్మ ఇంట్లో జ్వరానికి రాగి, నీరసానికి రాగి, చంటిబిడ్డకు రాగి, చుట్టం వస్తే రాగిముద్ద. రాగితో కాని పని ఒకటుంటుందని ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు.

రసంలో రాగి గంజి కలిపి, తేర్చి, వడగట్టి, ఒక మందు చుక్కలు వేసి పరీక్ష పెట్టింది. టానిన్ ఎంత ఉంటే అంతగా నీలం తిరిగే మందు అది. గాజు గొట్టంలో నీలం తగ్గాల్సింది పోయి ఇంకా ముదిరింది. సహన రంగు కొలిచే యంత్రాన్ని తిట్టింది, మందు సీసా మార్చింది, గొట్టాలన్నీ మళ్ళీ కడిగింది. రాగిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం క్యారియర్ తెరిచి రాగిముద్ద తుంచింది. తుంచిన ముక్క వేళ్ళ మధ్యే ఆగిపోయింది. ఈ గోధుమరంగు ఎక్కడిది? రాగి తోలుది. ఆ తోలులో ఏముంటుంది?

భోజనం వదిలేసి లేచింది. పండురసం చుక్క కూడా కలపకుండా ఉత్త రాగి గంజికి పరీక్ష పెట్టింది. గొట్టం నీలంగా మారింది! రాగి తోలులోనూ టానినే. వగరు దింపడానికి వగరునే పోసింది. ఈ పరీక్ష మొదటిరోజే చేయాల్సింది. రాగి మీద గురికొద్దీ చేయలేదు. తన తెలివికి తానే పకపకా నవ్వుకుంది.

వెంటనే బియ్యం మెత్తగా ఉడికించి, వార్చిన గంజిని చల్లార్చి రసంలో కలిపింది. కాసేపటికి రసం విరిగిన పాలలా తునకలు కట్టింది. తునకలు మెల్లగా కిందికి దిగాయి. పైన తేనెరంగులో తేటరసం నిలిచింది. పరీక్ష పెడితే నీలం లేతగా, కనీ కనపడకుండా వచ్చింది. నమ్మలేక మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

హేమంత్‌కుమార్ అనుమానంగా ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేశాడు.

"ఏమమ్మా ఇది! గొంతు పట్టుకోనే లేదే! దానిమ్మ ఆర్డర్ క్యాన్సిల్ చేసేస్తా ఉండా."

ఆ సాయంత్రం సహన ఒక సీసాను ఒళ్ళో పెట్టుకుని ఇప్పుడు తల్లీ తానూ ఉంటున్న మహదేవపురకు బస్సెక్కింది. ప్రపంచాన్ని గెలిచినట్టుంది ఆమెకు. ఇంట్లో సొన్నమ్మ గ్లాసును వాసన చూసి మొహం తిప్పుకుంది.

"గోడంబి పండు రసమా? నాకొద్దు మే. గొంతు పట్టుకుంటాది."

"ఒక్క గుక్క తాగమ్మా. నాకోసం."

సొన్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని గుక్క మింగింది. దగ్గు వస్తుందని చెయ్యి గొంతు మీద పెట్టుకుని కాచుకుంది. దగ్గు రాలేదు. కళ్ళు తెరిచి కూతుర్ని చూసింది. ఆ కళ్ళు నిండిపోయాయి.

"ఎన్నెన్ని పండ్లు ఇసిరేస్తిని మే ఈ చేతుల్తో" అని, గ్లాసు ముందుకు చాచింది. "ఇంకొంచెం పొయ్యి."