పదహారు రంగుల్లో పాప ముఖం

వీధిలో అందరూ ఆయన్ని డబ్బా మాస్టారంటారు. బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. పాత టీవీకి తగిలిస్తే పదహారు రంగులు చూపించే నలభై ఏళ్లనాటి కంప్యూటరొకటి ఆయన దగ్గరుంది. రోజూ భోజనం కాగానే ఫ్లాపీని చొక్కాకు తుడిచి లోపలికి తోస్తాడు. ఎక్కించేది ఎప్పుడూ ఒకే ఫొటో, పదేళ్లకే జ్వరంతో పోయిన కూతురిది. బొమ్మను సరిదిద్దే ప్రోగ్రాములు మూడున్నాయి. మొదటిది ముఖమంతా చుక్కలు చేసి స్ఫోటకం పోసినట్టు చూపిస్తుంది. రెండోది రంగులు బాగానే కలుపుతుంది గాని పెదవులు నీలమవుతాయి. మూడోది నలుపు తెలుపుల్లో లావుపాటి గీతలు గీస్తుంది. ఏడాదిగా చూపు తగ్గిపోతున్న భార్యకు వీటిలో ఏది ఆనుతుందో తేల్చాలని ఆయన తాపత్రయం. ఆమె టీవీకి జానెడు దూరంలో కూర్చుని "ఇది నయమండీ", "అబ్బే, నిన్నటిదే బాగుంది" అంటుంటే శ్రద్ధగా రాసుకుంటాడు.

నిన్న మూడోదానిలో గీతలు ఇంకా లావు చేసి ఆమెను పిలిచాడు. ఆమె వచ్చి కూర్చునేలోపే టీవీ చప్పుడు లేకుండా ఆరిపోయింది. ఆయన వెనకున్న తీగ సరిచేయడానికి వంగాడు.

"ఇవాళ భలే వచ్చిందండీ! పాప నవ్వుతోంది," అంది ఆమె, నల్లటి అద్దం మీద వేలు పెట్టి.

తీగ ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఎన్నాళ్లుగా ఇలా తన మనసు కోసం చెబుతోందో అనుకున్నాడు.

"పళ్లు కూడా కనిపిస్తున్నాయా?" అన్నాడు.

"ఎందుకు కనిపించవూ? పై వరసలో సందుతో సహా!"

ఆయన తీగ వదిలేసి ఆమె పక్కనే కూలబడ్డాడు.

"అవునే, నవ్వుతోంది," అన్నాడు.