కొసన బరువున్న బ్యాట్

అది 2023 ఆషాఢం. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జరిగి పట్టుమని వారం కాలేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు వెళ్లే రోడ్డు వానతో, ట్రాఫిక్‌తో కలిసి బురదముద్దలా ఉంది. ఆ రోడ్డుకు కాస్త లోపలగా, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఓపిగ్గా వెతికితే కనిపించే స్పోర్ట్స్ షాపు నాది. పెళ్లయి తెనాలి నుంచి ఈ ఊరొచ్చేనాటికి నాకు తెలిసిన బ్యాట్ ఒక్కటే, మా తమ్ముళ్లు కొబ్బరిమట్టతో చెక్కుకునేది. ఇప్పుడు సాఫ్ట్‌బాల్ బ్యాట్ మీద సందేహమొస్తే కోచ్‌లే నాకు ఫోన్ చేస్తారు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. ఇరవై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని, ఆ మాత్రం చెప్పుకుంటాను.

సాఫ్ట్‌బాల్ అనగానే మెత్తటి బంతి కావాలని చిన్నపిల్లల తల్లులు వస్తుంటారు. ఆ బంతి మెత్తగా ఏమీ ఉండదు, తగిలితే బొప్పి కడుతుంది. బ్యాట్ కూడా క్రికెట్ బ్యాట్‌లా పలకగా ఉండదు. గుండ్రంగా, లోపల బోలుగా, అల్యూమినియం అలాయ్‌తో, అంటే వేరే లోహాలు కలిపి గట్టిపరిచిన అల్యూమినియంతో చేసిన గొట్టం. కింద సన్నటి హ్యాండిల్, పైన బంతి తగిలే లావుపాటి భాగం, దాన్ని బ్యారెల్ అంటారు. చూడ్డానికి అన్నీ ఒకటే. చేతికి తీసుకుంటే ఒక్కోటి ఒక్కో మనిషి.

ఆ రోజు మధ్యాహ్నం వాన వెలిశాక ఇద్దరు లోపలికొచ్చారు. ముందు వచ్చినాయన యాదగిరి, బల్కంపేటలో టెంట్ హౌస్ నడుపుతాడు. వెనకాల ఆయన అక్క కూతురు అఖిల, సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల. ఆయన చేతిలో ఎర్రగా మెరిసిపోతున్న బ్యాట్ ఉంది. దాని బ్యారెల్ మీద పసుపు, కుంకుమ బొట్లు.

"జర గ్రిప్ మార్చుండ్రి మేడం. పిల్లకు చెయ్యి జారుతుందట. ఐతారం సెలెక్షన్ ఉంది" అన్నాడు.

రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక అది. వయసు ప్రకారం ఆ జట్టులో ఆడటానికి అఖిలకు అదే ఆఖరి ఏడు. కాలేజీ టీం బ్యాట్ పట్టుకున్నన్నాళ్లు బాగానే కొట్టిందట. మేనకోడలి కోసం మామ ఆన్‌లైన్‌లో ఈ కొత్త బ్యాట్ తెప్పించిన దగ్గర్నుంచి ఒక్క బంతీ తిన్నగా పోవడం లేదు. ఇలాగే కొడితే జట్టు సంగతి మర్చిపొమ్మని కోచ్ చెప్పేశాడు.

గ్రిప్ చూశాను. కొత్తది, శుభ్రంగా ఉంది. "నిజంగా చెయ్యి జారుతోందా అమ్మా?" అని పిల్లనడిగాను. అఖిల మామ వైపు ఒకసారి చూసి, "జారుతలేదు అక్కా. బాల్ వచ్చి పోయినంక బ్యాట్ వస్తుంది" అంది.

నాకు సగం రోగం అక్కడే తెలిసిపోయింది. యాదగిరికి మాత్రం ఎక్కలేదు. "బరువుంటేనే గదా మేడం బాల్ దూరం పోయేది. నేను యూసుఫ్‌గూడల క్రికెట్ ఆడేటప్పుడు అందరికంటే బరువు బ్యాట్ నాదే ఉండె. అలవాటైతే అదే వస్తది" అన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కాకపోతే ఆయన మొండితనంలో స్వార్థం ఇసుమంతైనా లేదు. ఎల్లమ్మ కల్యాణానికి రాత్రింబవళ్లు పందిళ్లు వేసి, ఆ అలసటతోనే వచ్చి నిలబడ్డ మనిషి.

కాలేజీ బ్యాట్‌లాంటిదే, అంతే పొడుగున్నది ఒకటి తీసి, రెంటినీ కాటాలో పెట్టాను. ఒకే బరువు తూగాయి. "చూసిండ్రా, ఏం ఫరక్ లేదు. బ్యాట్‌ది కాదు తప్పు" అన్నాడాయన విజయగర్వంతో.

"బ్యాట్ తప్పని నేనెక్కడన్నానండీ? మీది మంచి సరుకే. ఇప్పుడు రెంటినీ ఒక్కోటిగా వేలి మీద అడ్డంగా నిలబెట్టండి" అన్నాను.

నా బ్యాట్ వేలి మీద నిలిచిన చోటు హ్యాండిల్‌కు దగ్గరగా ఉంది. ఆయనది నిలవాలంటే వేలిని బ్యారెల్ వైపు బాగా జరపాల్సి వచ్చింది. మా భాషలో మొదటిది బ్యాలెన్స్‌డ్, బరువు సమంగా సర్దినది. రెండోది ఎండ్ లోడెడ్, బరువంతా కొసన పెట్టినది. నీళ్ల బకెట్‌ను ఒంటికి ఆనించి మోసినా, చెయ్యి చాచి మోసినా కాటా ఒకే లెక్క చెబుతుంది. చెయ్యి చెప్పే లెక్క వేరు. కొసన బరువున్న బ్యాట్ బలమైన భుజాలకు వరం, బంతిని ఎక్కడికో విసిరేస్తుంది. అఖిల లాంటి సన్నటి పిల్ల చేతిలో అది ఆలస్యంగా తిరుగుతుంది.

యాదగిరి బ్యాట్‌ను వేలి మీంచి దించి, దాని బొట్ల మీద చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఎల్లమ్మ కాడ పెట్టి తెచ్చిన మేడం. పూజ చేయించిన బ్యాట్‌ను ఇడిసిపెట్టి ఇంకోటి పడితే పిల్లకు మంచిగుంటదా?"

అఖిల తలొంచుకుంది. ఇన్నాళ్లూ ఈ పిల్ల నోరు విప్పకపోవడానికి కారణం అదన్నమాట. మామ ప్రేమ ఒకటి, అమ్మవారి బొట్టు ఒకటి. రెంటినీ కాదనే ధైర్యం ఆ వయసులో ఎవరికుంటుంది? నేనూ నవ్వలేదు. దసరాకు నా షాపులో కాటా దగ్గర్నుంచి గాలి పంపు దాకా అన్నిటికీ బొట్టు పెట్టేదాన్నే.

"ముందు పిల్ల చేతికి ఏది కుదురుతుందో చూద్దాం. అమ్మవారి సంగతి తర్వాత ఆలోచిద్దాం" అన్నాను.

బ్యాట్లు చూపించడంలో నాదొక పద్ధతి ఉంది. బ్యారెల్‌కు న్యూస్‌పేపర్ చుట్టి ఇస్తాను. రంగు, పేరు కనిపిస్తే కళ్లు కొనేస్తాయి, చేతుల్ని అడగవు. నాలుగు దెబ్బలకు కాగితం చిరిగిపోతుంది గానీ ఆపాటికి చేతులు తమ మాట చెప్పేస్తాయి. షాపు వెనక పార్కింగ్‌లో వల కట్టి ఉంచాను. మూడు బ్యాట్లకు కాగితం చుట్టి అక్కడికి తీసుకెళ్లాను. ఒకటి యాదగిరి తెచ్చింది. మిగతా రెండూ బ్యాలెన్స్‌డ్. వాటిలో ఒకటి వన్ పీస్, హ్యాండిల్ నుంచి కొస దాకా ఒకే లోహం. ఇంకోటి టూ పీస్, హ్యాండిల్ వేరు, బ్యారెల్ వేరు, మధ్యలో అతుకు. బంతి పక్కకు తగిలినప్పుడు పుట్టే అదురును ఆ అతుకు చాలావరకు మింగేస్తుంది. వన్ పీస్ ఏదీ మింగదు, చేతులకు పంపేస్తుంది. దాన్నే మేం స్టింగ్ అంటాం.

పక్క నుంచి బంతులు నేనే మెల్లగా విసిరాను. మామ బ్యాట్ ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. టూ పీస్ సులువుగా తిరిగింది, దెబ్బ తగిలిన చప్పుడు కూడా మెత్తగా ఉంది. అఖిల ముఖంలో ఏ బాధా లేదు. వన్ పీస్‌తో మొదటి బంతే హ్యాండిల్ దగ్గర తగిలింది. పిల్ల అరచేతులు విదిలించుకుంది. రెండోది ఖంగుమని వలలోకి తిన్నగా పోయింది.

నా మనసులో టూ పీస్‌ను అప్పటికే ప్యాక్ చేసేశాను. ఏది ఇవ్వమంటావని మాటవరసకు అడిగాను. అఖిల వన్ పీస్ చూపించింది.

"అదేంటమ్మా, చెయ్యి మండింది కదా?"

"మండింది అక్కా. గా మెత్తటి దాంతోని తప్పు కొట్టినా మంచిగనే అనిపిస్తుంది. ఇది ఏడ తగిలిందో చెప్తుంది. తప్పు కొడితే తెలుస్తుంది."

యాదగిరి మేనకోడల్ని ఎన్నడూ చూడనట్టు చూశాడు. నేనూ అంతే. ఏళ్ల తరబడి ఎందరికో చెయ్యి నొప్పి లేని బ్యాటే మంచి బ్యాటని చెప్పి అమ్మాను. నొప్పిని కబురుగా అందుకునే ఆటగత్తె నా కౌంటర్ ముందుకు రావడం అదే మొదలు. ఆ పిల్లను చూసి నాకు గర్వంగా అనిపించింది, ఏదో నేనే కన్నట్టు.

"మరి గిది?" అన్నాడు యాదగిరి, ఎర్ర బ్యాట్ మీది కాగితం విప్పుతూ.

అప్పుడు తట్టింది నాకు. సాఫ్ట్‌బాల్‌లో తర్వాత బ్యాటింగ్‌కు వెళ్లాల్సిన వాళ్లు ఆన్ డెక్ అనే వలయంలో నిలబడి బ్యాట్ తిప్పుకుంటారు. చాలామంది అక్కడ బరువైనదాన్ని తిప్పి, తర్వాత తమ బ్యాట్ అందుకుంటారు. అప్పుడది చేతిలో దూదిలా ఉంటుంది. కాటాలో ఎంత తూగినా, కొసన బరువున్న ఎర్ర బ్యాట్ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. ఆయనకు అదంతా చెప్పాను. "మీ బ్యాట్ పట్టకుండా మీ పిల్ల ఆటలోకి దిగదండీ. ముందు అమ్మవారిది, తర్వాతే ఇది."

"అంటే ఇడిసినట్టు కాదు."

"కాదండీ. ప్రతిసారీ మొదట పట్టేది దాన్నే."

ఆయన ఎర్ర బ్యాట్ మీది కుంకుమను బొటనవేలితో అద్ది కొత్త బ్యాట్‌కు పెట్టాడు. అఖిల అప్పుడు నవ్వింది, షాపులోకి వచ్చాక మొదటిసారి.

ఆదివారం పూట షట్టర్ దించడం మా ఇంట్లో మహాపాపం. ఆ ఆదివారం దించేసి గ్రౌండ్‌కు వెళ్లాను. కంచె పక్కన యాదగిరి ఎర్ర బ్యాట్‌ను పసిపిల్లలా ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. అఖిల వచ్చి దాన్ని తీసుకుని నాలుగైదు సార్లు తిప్పి, తిరిగి ఆయన చేతికిచ్చి, తన బ్యాట్ పట్టుకుని వెళ్లింది.

మొదటి బంతి హ్యాండిల్ దగ్గర తగిలి గీత బయటికి దొర్లిపోయింది. యాదగిరి కళ్లు మూసుకున్నాడు. అఖిల చెయ్యి విదిలించుకుంది, కాళ్ల వైపు చూసుకుంది, అరడుగు వెనక్కి జరిగి నిలబడింది. బంతికి మరీ దగ్గరగా నిలుచున్నావని ఎవరూ చెప్పలేదు, బ్యాటే చెప్పింది. తర్వాతి బంతి ఖంగుమంది. దూరంగా నిలబడ్డ అమ్మాయిలు వెనక్కి తిరిగి పరుగెత్తారు.

"నడుమ తగిలింది గదా మేడం?" అన్నాడు యాదగిరి, కళ్లు తెరవకుండానే.

సాయంత్రం చదివిన పేర్లలో అఖిల పేరు ఉంది. ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, అఖిల మాత్రం బ్యాట్ తుడుచుకుంటూ కూర్చుంది.

ఏది బెస్ట్ బ్యాట్ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను జవాబు చెప్పను. హాయిగా ఉండేది కావాలా, నిజం చెప్పేది కావాలా అని అడుగుతాను. చెయ్యి అడిగేదేమిటో చేతినే చెప్పనివ్వాలని నాకు నేర్పింది నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల. తర్వాత రాష్ట్రం తరఫున ఆడటానికి వెళ్తూ షాపుకొచ్చింది. సంచిలోంచి రెండు బ్యాట్లు బయటికి కనిపిస్తున్నాయి. ఎర్రదాని మీద కుంకుమ అప్పుడే పెట్టినట్టుంది.