కోడలుగారి హాలు

మా మేనత్త పోయిందని పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. అత్తయ్యకి ఒక్కడే కొడుకు. నేను రాజమండ్రి చేరేసరికి వాళ్ళ సినిమా హాలు ముందు జనం నిండిపోయి ఉన్నారు. ఇల్లు ఆ పక్కనే అయినా అందరూ హాలు దగ్గరే ఆగారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. మా అత్తయ్య సంగతి తెలిసినవాళ్ళకి అందులో వింతేమీ ఉండదు. తెలియనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

ఆ హాలు మొదట నాటకాల కోసం కట్టింది. అత్తయ్య మామగారు కట్టించారు. భద్రాచలం అడవుల నుంచి గోదారి మీద తెప్పలుగా కట్టి దింపిన టేకు దూలాలు, గానుగ సున్నంతో లేపిన గోడలు, పైన పెంకులు. నేల మీద కూర్చున్నవాడికి కూడా ఏదీ అడ్డు రాకూడదని మధ్యలో ఒక్క స్తంభమైనా పెట్టనివ్వలేదు ఆయన. తరవాత తెర వచ్చింది, సినిమాలు వచ్చాయి. ఊళ్ళో ఇంకా పెద్ద హాళ్ళు ఎన్నో లేచాయి గానీ అంత చల్లటి హాలు మాత్రం ఇంకోటి లేదు. నేను మేనకోడల్ని కాబట్టి చెప్పడం లేదు. సరే, కొంచెం అందుకే చెబుతున్నాను.

అత్తయ్య కాపరానికి వచ్చిన కొత్తలో తుఫానుకి పైకప్పు ఎగిరిపోయింది. మళ్ళీ కట్టిస్తుంటే కొత్తకోడలు వెళ్ళి మామగారి ముందు నిలబడింది.

"ఆడవాళ్ళ బెంచీల వెనకాల ఒక వసారా వేయించండి మామయ్యగారూ. దూలానికి ఉయ్యాల కొక్కేలు పెట్టించండి."

"సినిమా హాలామ్మా, పురిటి గదా?"

"పిల్లాడు ఏడిస్తే తల్లి లేచి బయటికెళ్ళిపోవాల్సొస్తోందండి. ఆవిడా టిక్కెట్టు కొనుక్కునే వచ్చింది కదండీ."

వసారా లేచింది. చెయ్యెత్తితే అందే దూలం, దానికి వరసగా కొక్కేలు, సినిమా మాటలు వినపడడానికి ఒక స్పీకరు. ఏడుపు హాల్లోకి పోకుండా మధ్యలో గోడ, ఆ గోడకి అద్దాల కిటికీ. అక్కడే పొరపాటు జరిగింది. తాపీమేస్త్రి కిటికీని నిలబడ్డ మగవాడి కంటి ఎత్తుకి పెట్టేశాడు. అత్తయ్య ఇంట్లోంచి పీట తెచ్చి వేసుకుని, ఒళ్ళో బిడ్డలా దిండు పెట్టుకుని కూర్చుంది. "ఇక్కణ్ణించి నాకు గోడే కనపడుతోందండి" అంది. మళ్ళీ పగలగొట్టాలంటే ఎలాగండీ అని మేస్త్రి నసిగాడు. మామగారు కోడల్ని లేవమని, పంచె సర్దుకుని ఆ పీట మీద తానే కూర్చున్నారు. కాసేపు గోడకేసి చూసి, "దించవయ్యా" అన్నారు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య ఆ "దించవయ్యా" దగ్గర నవ్వాపుకోలేకపోయేది.

మా అమ్మ నన్ను ఆ వసారాలోనే పడుకోబెట్టుకుని సినిమాలు చూసింది. ఇంటి నుంచి పాత చీర తెచ్చుకోవడం, కొక్కేనికి కట్టుకోవడం, కాలితో ఊపుతూ కిటికీలోంచి తెర చూసుకోవడం. కోరుకొండ నుంచి కూడా చంటిపిల్లలతో వచ్చేవారు. ఆట మొదలయ్యే ముందు అత్తయ్య వచ్చి ప్రతి కొక్కేన్నీ పట్టుకుని గట్టిగా లాగి చూసేది. మా ఇంటికొచ్చినా ఫ్యాను కొక్కెం కేసి అనుమానంగా చూసేది. "ఎవరు ఎక్కడ కూర్చుంటారో ముందు అనుకోవాలే, గోడలు ఆ తరవాత" అనేది నాతో. హాలు ముందు రాతి మీద మామగారి పేరే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం దాన్ని కోడలుగారి హాలనే అన్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ నా మెడ కాస్త నిక్కుతుంది.

పాతవన్నీ అలాగే ఉండాలనే మనిషి కాదు అత్తయ్య. పెంకులు తీసి రేకులు వేయించినప్పుడు, "పీడా పోయింది, వానొస్తే గిన్నెలు పెట్టలేక చచ్చాం" అంది. ఏసీ పెట్టించింది, కుర్చీలు మార్పించింది. కానీ ఈ ఏడాది బావ హాలు బాగుచేయిస్తూ, వసారా కొట్టేసి పాప్‌కార్న్ కౌంటర్ పెడతాననేసరికి అడ్డం తిరిగింది. జబ్బుతో మంచం మీద ఉండే వాదించింది.

"ఇప్పుడు ఉయ్యాలలు ఎవరు కడతారమ్మా? పిల్లల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్లు వచ్చేశాయి. కౌంటర్ లేకపోతే హాలు నడవదు."

"ఆ స్ట్రోలరు పెట్టుకోడానికైనా చోటుండాలి కదరా. నీ కౌంటరేదో ముందువైపు కట్టుకో."

"ముందు పార్కింగమ్మా."

"బళ్ళకి చోటుంది, బిడ్డలకి లేదు. బాగుందిరా."

బావ మాట ఇవ్వలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. వసారా ఏమవుతుందో తెలియకుండానే వెళ్ళిపోయింది. ఏడుస్తూనే బావని తిట్టుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు పనివాళ్ళు వచ్చారు. నేనూ బావ వెనకే వసారాలోకి వెళ్ళాను. ఎక్కణ్ణించి కొట్టమంటారండీ అని మేస్త్రి అడిగాడు. బావ చెయ్యెత్తి ఒక కొక్కేన్ని పట్టుకుని గట్టిగా లాగాడు, అచ్చం వాళ్ళమ్మలాగే. తరవాత చెయ్యి తీసి దానికేసి చూశాడు. కొక్కెం అంతా నల్లబడిపోయింది. చీరలు ఒరుసుకున్న లోపలి వంపు మాత్రం తళతళలాడుతోంది.

"ఏం బావా, కొట్టించవా?" అన్నాను, కాస్త ఎత్తిపొడుపుగానే.

బావ చెప్పులు విడిచి, ఒక కాలు మడిచి ఒక కాలు చాపుకుని నేల మీద కూర్చున్నాడు. అద్దం అవతల తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తోంది. చాలాసేపు చూశాడు.

"కౌంటర్ ముందువైపు కడదామండి" అన్నాడు మేస్త్రితో.

మేస్త్రి వెళ్ళిపోయాడు. బావ లేవలేదు. ఖాళీ తెరకేసి చూస్తూనే ఉన్నాడు. చాపిన కాలు మాత్రం, అక్కడ ఉయ్యాల ఉన్నట్టే, మెల్లగా ఊగుతోంది.