చెప్పులు చూసి బియ్యం పోసే పిన్ని

సూర్యలంక పిన్ని పోయిందని శుక్రవారం తెనాలి మార్కెట్లో తెలిసింది. ఎండుచేపల గంపల దగ్గర కూర్చున్న మనిషిని, పిన్ని ఎలా ఉందని అడిగాను. "ఆవిడా? నిన్ననే పెద్దకర్మ కూడా అయిపోయిందండీ" అంది, నెత్తళ్ళు తూకంలో వేస్తూ. సంచీ తెరిచి పట్టుకున్నాను గాని, ఏం కొన్నానో ఇంటికొచ్చేదాకా చూడలేదు. ఆ మధ్యాహ్నం నమాజులో ఎన్ని రకాతులు చదివానో గుర్తులేక రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాను. నాకలా ఎప్పుడో గాని జరగదు.

పిన్ని మాకు చుట్టం కాదు. సూర్యలంక ఒడ్డున తాటాకు పాకలో అన్నం పెట్టే మనిషి. సముద్రానికి వెళ్తే ఎక్కడ తినాలన్నది మా ఇళ్ళలో చిన్న ప్రశ్న కాదు. హలాలో కాదో తెలియని చోట కోడి ముట్టం. చేపకు ఆ పేచీ లేదు గాని, అది ఏ గిన్నెలో ఉడికిందోనన్న అనుమానం. అందుకే అమ్మ ఉన్నన్నాళ్ళూ బాపట్లలో రైలు దిగితే చేతిలో టిఫిన్ క్యారేజీ ఉండాల్సిందే. ఇసుక పడిన పులిహోర తిని తిరుగు రైలెక్కేవాళ్ళం.

ఒకసారి ఆ క్యారేజీ కాస్తా ఆటోలోనే ఒలికిపోయింది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పాక ముందు నిలబడి తటపటాయిస్తుంటే పిన్ని నా తలమీది ముసుగు వంక చూసింది.

"ఏంటమ్మాయ్, గిన్నె గురించా?"

"అవును పిన్నీ."

లోపలికి వెళ్ళి కొత్త సత్తుగిన్నె తెచ్చింది. "మా కోడలి పుట్టింటోళ్ళు పెట్టింది. ఇంకా పొయ్యెక్కలేదు. ఇకనించి మీది. ఇందులో కోడి పడదు. పడితే నన్ను తీసుకెళ్ళి సముద్రంలో పడెయ్."

ఆ రోజు కానాగంత చేపల పులుసు తిన్నాం. తరువాత ప్రతి ఏడూ వెళ్ళాం. ఆ గిన్నె చూరుకు విడిగా వేలాడుతూ ఉండేది.

ఎంతమంది వచ్చారని పిన్ని ఎవరినీ అడగదు. గుమ్మం బయట విడిచిన చెప్పుల జతలు చూసుకుని బియ్యం పోస్తుంది. చెప్పులు కనబడనిదే ఎసట్లో గింజ వెయ్యదు. ఆలస్యమవుతుందని ఎవరైనా విసుక్కుంటే, "సముద్రం పక్కన బతికేవాళ్ళం. ఎంతమంది వస్తారో ముందే లెక్కెయ్యకూడదు. వచ్చినాకే లెక్క" అనేది. ఆమె భర్త, మరిది ఒకే పడవలో వెళ్ళి తిరిగి రాలేదని, ఆ పూట ఇద్దరికీ అన్నం వండి మూతపెట్టి ఉందని చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు.

అది తెలియని రోజుల్లో మా తమ్ముడు వేళాకోళానికి రెండు జతలు సంచీలో దాచాడు. అన్నం చాలలేదు. పిన్ని బయటికొచ్చి చూసి, సంచీ వెతికి చెప్పులు పట్టుకుంది. "గడ్డం వచ్చిందిగాని బుద్ధి రాలేదు నీకు" అని వాడి ముందున్న పళ్ళెం తీసి పిల్లల ముందు పెట్టింది. వాడు నీళ్ళు తాగి లేచాడు. దారి పొడుగునా మేము నవ్వుతూనే ఉన్నాం. పిన్ని మాత్రం నవ్వలేదు.

ఇక నన్ను నిలవనివ్వని సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట పిన్ని ఎండుచేపలు అమ్మడానికి తెనాలి వచ్చి గంప దించుకుని కూర్చున్నప్పుడు నేనే చెప్పాను. "రేపల్లె చెల్లెలి కూతురికి పెళ్ళయింది పిన్నీ. కొత్త అల్లుణ్ణి తీసుకుని ఆదివారం వస్తున్నాం. తొమ్మిదిమందిమి."

"పన్నెండింటికల్లా రండి పెద్దమ్మాయ్. పులుసు ఆగితే రుచి. అన్నం ఆగకూడదు" అంది. నాకు యాభై దాటినా ఆమెకు పెద్దమ్మాయినే.

ఆదివారం సుమోలో బయల్దేరాం. బాపట్ల దాటాక రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఏసీ హోటల్ కనబడింది. తమ్ముడు బండి ఆపించాడు. "ఆపా, కొత్త పెళ్ళికొడుకుని ఆ పాకలో కింద కూచోబెడతామా? వాళ్ళ నాన్నకి తెలిస్తే ఏమనుకుంటాడు?" అన్నాడు నా చెవిలో. చెల్లెలు నా ముఖం చూసింది. పెద్దదాన్ని, నేను వద్దంటే వద్దే. చేతిలో తస్బీహ్ పూసలు తిప్పుతూ ఊరుకున్నాను. పెదాలు కదులుతుంటే ఎవరూ జవాబు అడగరు.

లోపల కూర్చున్నాక గాని మాంసం సంగతి గుర్తురాలేదు. తొమ్మిదిమందిమీ వెజ్ పలావు చెప్పుకున్నాం. కొత్త అల్లుడు గోబీ ముక్క చెంచాతో అటూ ఇటూ దొర్లించి, "ఇక్కడ చేపలు బాగుంటాయన్నారుగా అత్తయ్యా?" అన్నాడు. ఎండ తగ్గాక పాక వైపు పోకుండా, అవతలి నుంచే సముద్రం చూసి వచ్చేశాం.

ఆ తరువాత పిన్ని తెనాలి రాలేదు. మోకాళ్ళ నొప్పులతో గంప మానేసిందని విన్నాను. వెళ్ళాలి అనుకున్నాను. ముందు రంజాన్ అడ్డం వచ్చింది, తరువాత రేపల్లెలో పురుడు, ఆ తరువాత వానలు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు, మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మన్నించాలి అని మా నాన్న, అబ్బా, చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. గంటన్నర ప్రయాణం. నేను వెళ్ళలేదు.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే రైలెక్కాను. కూర్చోబుద్ధి కాలేదు. పొన్నూరు దాటేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

పాకలో పిన్ని కోడలు చేపలు కడుగుతోంది. నన్ను గుర్తుపట్టి చేతులు తుడుచుకుంది. ఆ ఆదివారం మేము రాలేదని చెప్పబోతే తనే అందుకుంది.

"మర్చిపోతానా అక్కా! అత్తమ్మ చెప్పులు చూడకుండా బియ్యం పోసింది ఆ ఒక్కరోజే. ఇదేంటత్తా అంటే, 'పెద్దమ్మాయి మాటిచ్చింది, చెప్పులొచ్చినట్టే' అంది."

నేను గుంజ పట్టుకున్నాను.

"సాయంత్రం దాకా గుమ్మంలోనే కూచుంది. ఎవరికో ఒంట్లో బాలేదేమో, లేకపోతే పెద్దమ్మాయి రాకుండా ఉంటుందా అని ఒకటే గోల. మీ ఇంట్లో అందరూ బాగుండాలని పోలేరమ్మకి కొబ్బరికాయ కూడా కొట్టింది."

"మేం బాగానే ఉన్నాం" అన్నాను. "కొత్త అల్లుడికి ఈ పాక తగదనుకుని హోటల్లో తిన్నాం. నేను వద్దనలేదు. పిన్నికి చెప్పి మన్నించమని అడగాలనుకున్నాను. ఆమె లేదు. ఆమె బదులు నువ్వు..."

కోడలు చేప వాసన చేత్తోనే పైట సర్దుకుంది.

"ఆవిడ బదులు నేనేం చెప్తానక్కా? నాకు తెలీదు" అంది. "అన్నం తిని వెళ్ళండి."

చూరుకున్న గిన్నె దించింది. తోమి బోర్లించినట్టే ఉంది. బియ్యం డబ్బా మూత తీసి, అలవాటుగా గుమ్మం బయటికి తల పెట్టి చూసింది. నేనూ చూశాను. ఇసుకలో నా చెప్పులు ఒక్క జతే, వాటి పక్కన మరో ఎనిమిది జతలు పట్టే చోటు.