రైలు కూత వినబడని పొద్దు

1983 జూన్. అప్పుడు నేను ఉప్పుగూడలో ఒక చిన్న బడిలో గుమాస్తాను. నాలుగు గదులు, ఒక వరండా, వెనక రైలు పట్టాలు. ఐదో తరగతితో చదువు సరి. రైలు పోయేటప్పుడు టీచర్లు పాఠం ఆపేవారు, నేను మాత్రం రాత ఆపేవాణ్ణి కాదు. రాతపనంతా నాదే మరి. అందులో అన్నిటికన్నా పెద్దది అడ్మిషన్ రిజిస్టర్. బడిలో చేరిన ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఎక్కించాలి. అక్కడ ఎక్కిన తేదీయే టీసీలోకి, అంటే బడి విడిచేటప్పుడు ఇచ్చే కాగితంలోకి దిగుతుంది. తర్వాత బతుకంతా వెంట వస్తుంది.

అంతటి తేదీని మేము ఎలా రాసేవాళ్లమో చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. కూలికి పోయే తల్లులకు బిడ్డ పుట్టిన ఏడు గుర్తుంటే గొప్ప. "వానలు పడంగ పుట్టిండు సారూ" అనేవారు. నేను పిల్లవాణ్ణి నిలబెట్టి, కుడిచెయ్యి నెత్తిమీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవాణ్ణి. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు. వెనక్కి లెక్కగట్టి జూలై ఒకటి అని రాసేసేవాణ్ణి. జూలై ఒకటే ఎందుకంటే, నాకు ముందున్న గుమాస్తా అదే రాసేవాడు. తప్పనిపించలేదా అని అడిగితే, నిజం చెబుతున్నాను, అనిపించలేదు. గడి నిండింది, నా పని అయింది.

ఆ ఏడు హెడ్‌మాస్టరు గారు వరండాలో ఒక పాత నల్లబల్ల తగిలించారు. "నీ అక్షరాలు ముత్యాల్లెక్క ఉంటయ్. పిల్లలకు దినాం ఏదన్న ఒక సంగతి రాసిపెట్టు" అన్నారు. నేను ఉబ్బిపోయాను. కోఠి ఫుట్‌పాత్ మీద పాత జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు కొన్నాను. పేపరు ముక్కలు కత్తిరించి, తేదీల వారీగా ఒక నోటుబుక్కు తయారు చేశాను. బల్ల మీద పైన 'ఈ రోజు' అని రాసి, దాని కింద ఆ తేదీన లోకంలో జరిగిన సంగతులు రాసేవాణ్ణి. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రోజు, ఫలానా శాస్త్రవేత్త పుట్టిన రోజు, ఇలా. ఆ కింద గీత గీసి, అదే తేదీన పుట్టిన మా పిల్లల పేర్లు. పేరు పడ్డ పిల్లకు ఆ పూట కాలు నేల మీద ఆనేది కాదు.

జూలై ఒకటి వచ్చింది. రిజిస్టర్ చూసి పేర్లు ఎక్కిస్తూ పోతే బల్ల చాలలేదు. సగం బడి ఆ రోజే పుట్టింది. మిగిలిన పేర్లు సుద్దముక్కతో గోడ మీద రాశాను. పిల్లలు ఒకటే లొల్లి. ఐదో తరగతి అనసూయ మాత్రం చేతులు కట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, మేమందరం ఒక్కనాడే పుట్టినమా?"

"రిజిస్టర్ల గట్లనే ఉంది బిడ్డా."

"రిజిస్టర్ల ఎవరు రాసిన్రు?"

"నేనే."

"మీకెవరు చెప్పిన్రు?"

"ఏ తారీఖైతేంది, పేరైతే పడ్డది గద" అన్నాను.

"నాకు పేరు గాదు సార్, దినం గావాలె. నేను పుట్టినంక మూడో దినం మా అమ్మ సచ్చిపోయిందంట. నన్ను ఎత్తుకున్నది ఏ దినమో ఎర్కయితే సాలు."

తొమ్మిదేళ్ల పిల్ల ఏడవకుండా అడిగింది. 1979లో దాని చెవి పట్టించి జూలై ఒకటి రాసింది ఈ చెయ్యే.

అనసూయను పెంచుతున్నది అమ్మమ్మ బాలమ్మ. ఇళ్లు కట్టేచోట కూలి చేసేది. కబురు పెడితే వచ్చింది గానీ, గడప దాటి లోపలికి రాలేదు. "గది యాది జెయ్యకు సారూ. నా బిడ్డ పోయిన సంగతి నేనెవల్తోని ముచ్చట వెట్ట" అని వెళ్లిపోయింది. నేనూ బలవంతపెట్టలేదు. అనసూయ మాత్రం రోజూ పొద్దున బల్ల ముందు నిలబడి, గీత కింద పేర్లు చదివి, తరగతికి పోయేది.

ఏప్రిల్‌లో ఐదో తరగతి పిల్లలకు టీసీలు రాస్తున్నాను. అనసూయ కాగితం వచ్చేసరికి పుట్టిన తేదీ గడి దగ్గర ఆగాను. అది పక్కన పెట్టి, పట్టాల పక్కనే ఉన్న బాలమ్మ ఇంటికి నడిచాను. ఆవిడ బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, ఈ కాగితమిస్తే పిల్ల మా బడి నుంచి పోతది. ఇగ నన్నడిగేటోళ్లు ఉండరు, నిన్నడిగేటోళ్లు ఉండరు. ఒక్కపారి చెప్పు."

బాలమ్మ చాట కింద పెట్టింది.

"మా ఇంట్ల గడియారం ఎక్కడిది సారూ. పొద్దుటి పాసింజర్ కూత ఇని పనికి ఎల్లేదాన్ని. గా దినం కూత రాకపాయె. ఇంక ఏళ గాలేదనుకొని కూసున్న. ఎండెక్కుతున్నది, రైలు రాదు. గంతట్లనే నా బిడ్డకు నొప్పులు షురువైనయ్, గా పగలే పిల్ల పుట్టింది. రైలొచ్చుంటే నేను పనికి పోయుందును సారూ. నా బిడ్డ ఒక్కతే ఉంటుండె. రైళ్లు బందని మాకేం ఎర్క, మాపటికి గల్లీల చెప్పుకుంటుంటే ఇన్న."

1974 రైలు సమ్మె ఎన్నో రోజులు నడిచింది. కానీ రైలు రాదని తెలియక ఎదురుచూసేది మొదటి రోజే. అక్కణ్నుంచి నేరుగా రైలు గేటు దగ్గరికి పోయాను. గేట్‌మన్ ఖాదర్ భాయ్ ఆ సమ్మెలో ఉన్నవాడే.

"భాయ్, మొదటి దినం ఏ తారీఖు? పొద్దుటి బండి వొచ్చెనా?"

"మే ఆఠ్ తారీఖ్ సాబ్. పొద్దుగాల ఆరింటికి షురూ జేసినం. ఆరున్నర పాసింజర్ రాలే. నేను పుట్టిన తారీఖు అడిగితే చెప్పలేను గానీ, గిది మాత్రం మరువ."

మే ఎనిమిది. నోటుబుక్కు తీసి ఆ పేజీ చూస్తే తెల్లగా ఉంది. మే నెల ఎండాకాలం సెలవులు కదా, బడే లేనప్పుడు బల్ల ఎందుకని ఆ నెల మొత్తం వదిలేశాను. రిజిస్టర్ దిద్దడానికి హెడ్‌మాస్టరు ఒప్పుకోలేదు. "ముసలామె రైలు కూత సాక్ష్యమని పై ఆఫీసుకు రాయమంటవా?" అన్నారు. ఆయన మాట తప్పు కాదు. టీసీలో జూలై ఒకటే రాసి ఇచ్చాను.

సెలవుల్లో, మే ఎనిమిదో తేదీ పొద్దున, తాళంచెవి అడిగి తెచ్చుకుని బడి తెరిచాను. వరండా నిండా దుమ్ము. బల్ల తుడిచి రాశాను:

ఈ రోజు. 1945: ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. 1974: దేశంలో రైలు సమ్మె మొదలైంది.

గీత గీసి, కింద అనసూయ పేరు రాశాను. మిగతా రోజుల్లో గీత కింద పేర్లు ఇరుక్కుని ఉండేవి. ఆ రోజు ఆ చోటంతా దాని ఒక్కదానిదే.

ముందురోజే కబురు పెట్టాను కాబట్టి, అనసూయ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. పై నుంచి కింది దాకా మెల్లగా చదివింది.

"సార్, మా అమ్మ పేరు గూడ రాయుండ్రి."

"పుట్టినోళ్లదే గద బిడ్డా ఇక్కడ రాసేది."

"ఆమె అమ్మ అయ్యింది గూడ గీ దినమే గద సార్."

అనసూయ పక్కన వాళ్లమ్మ పేరు, సత్తెమ్మ అని రాశాను. అక్షరాలు ఎన్నడూ లేనంత వంకరగా వచ్చాయి. చదువు రాని బాలమ్మ, "ఇందుల నా బిడ్డ ఏది సారూ?" అని అడిగింది. చూపించాను. చెరిగిపోతుందన్న భయంతో చెయ్యి తగలనీయకుండా, పేరుకు దగ్గరగా అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎవరి చెవీ పట్టించలేదు. పిల్లను తెచ్చిన తల్లిని కూర్చోబెట్టి, "గా దినం ఏమైంది చెప్పు" అని అడిగేవాణ్ణి. కొందరి తేదీ దొరికేది, కొందరిది దొరికేది కాదు. కానీ అడిగితే చెప్పని తల్లిని నేను చూడలేదు. పనికి ఆలస్యమవుతున్నా కూర్చుని చెప్పేవారు. గడి నింపడానికి పనికిరాని సంగతులు కూడా చెప్పేవారు. అన్నీ వినేవాణ్ణి.

నా సర్వీసు పుస్తకంలో కూడా పుట్టిన తేదీ జూలై ఒకటే. ఏ గుమాస్తా వేశాడో తెలియదు. మా అమ్మకు నేను పుట్టిన పొద్దు తప్పకుండా గుర్తుండే ఉంటుంది. నాకు ముప్ఫయ్యేళ్లు వచ్చేదాకా ఆమె నా పక్కనే ఉంది. ఒక్కనాడు కూడా నేను అడగలేదు.