పెరుగు గిన్నె కింద వాల్వు సెట్టు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టుకునేది. కొందరికి బండి పిచ్చి, కొందరికి ప్లాట్ల పిచ్చి. నాకు మాత్రం పాత వాల్వు ఆంప్లిఫయర్ పిచ్చి పట్టింది. సూర్యాపేటలో మూతపడిన ఒక మైకుసెట్ల దుకాణంలో కొన్న ఆ ఇనుప పెట్టెను మా ముందుగది గూట్లో పెట్టి, గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతుంటే కళ్లు మూసుకుని పాటలు వినేవాణ్ణి. ట్రాన్సిస్టర్ సెట్ల మోతకూ ఈ మెత్తదనానికీ తేడా ఏమిటో వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి (అడగకపోయినా చెప్పేవాణ్ణి). మా ఇంట్లో దాని అసలు ఉపయోగం కనిపెట్టింది మాత్రం నా భార్య. వాల్వులు వేడెక్కితే పెట్టె పైరేకు గోరువెచ్చగా ఉంటుంది కదా. చలికాలంలో తోడు పెట్టిన పాలగిన్నెను దాని మీద పెడితే, పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి కత్తితో కోసుకునేంత గట్టి పెరుగయ్యేది.

అంతా బాగున్న సమయంలో మిర్యాలగూడలో ఒక రిటైర్డు సినిమా ఆపరేటరు నాకు పరిచయమయ్యారు. ఆయన దగ్గర ఇంతకన్నా పెద్ద వాల్వులున్న సెట్టు ఉంది. "ఒక ఆదివారం ఇంట్ల పెట్టుకొని ఇను. నచ్చితే నీది నాకియ్యి, పైన ఎంతో కొంత ఇయ్యి. నచ్చకుంటే సోమవారం తెచ్చెయ్యి" అన్నారు. ఆ సెట్టును బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. కొత్తదానికి పైన జాలీ ఉంది, ఒంపు తిరిగి ఉంది. "దీని మీద గిన్నె యాడ నిలుస్తది? మీరు ఏమన్న తెచ్చుకోన్రి, నా పెరుగుకు మాత్రం అడ్డం రావొద్దు" అంది. పెరుగు కోసం సంగీతాన్ని వదులుకోమనే ఇల్లు భూమ్మీద ఇదొక్కటే అనుకున్నాను (అప్పట్లో నేను ఇలాంటి వాక్యాలు పైకే అనేవాణ్ణి).

చివరికి పరీక్ష పెట్టాను. రెండు సెట్లకూ అడ్డంగా దుప్పటి కట్టాం. కోదాడ నుంచి వచ్చిన మా బావమరిది దుప్పటి వెనక కూర్చుని వైర్లు మారుస్తూ ఒకే పాటను రెండింటి మీదా వినిపించాలి. నాకు తేడా తెలిస్తే పెద్దది ఉంటుంది. తెలియకపోతే పాతదే ఉంటుంది, నేను ఇక నోరెత్తకూడదు. అమ్మ చాప మీద, నా భార్య గుమ్మంలో బియ్యం చేటతో, నేను కుర్చీలో కూర్చున్నాం.

"ఒకటి" అన్నాడు బావమరిది. పాట మోగింది. ఫరవాలేదన్నట్టు తలాడించాను. కాసేపు ఏదో గలగల. "రెండు" అన్నాడు. అదే పాట మళ్లీ మోగింది. నాకు ఒళ్లు పులకరించింది. "విన్నారా, గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. తబలా పక్కగదిలో ఉన్నట్టుంది" అన్నాను.

"రెండూ ఒక్క తీర్గనే ఉన్నయ్ గదరా" అంది అమ్మ.

"మనసు పెట్టి వినాలమ్మా."

"మనసు పెట్టే విన్న బిడ్డా. నాకైతే ఆకలైతుంది."

ఆవిడ వంక జాలిగా చూసి (ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది), విజయగర్వంతో లేచి దుప్పటి లాగేశాను. పెద్ద సెట్టు చల్లగా కూర్చుని ఉంది. దాని వైరు చుట్ట చుట్టినట్టే ఉంది. పాత సెట్టు వెలుగుతోంది. దాని మీద పెరుగు గిన్నె.

"గిన్నె కదిలిస్తే పెరుగు ఖరాబవుద్దని అక్క చెప్పింది బావా. సెట్టు ముందుకు జరపకుండా వెనకాల వైరు ఎట్టా మార్చేది? అందుకే పాతదాని మీదే మళ్లీ పెట్టా. చెబుదామనుకున్నా. ఈలోపు నువ్వు ఊపిరి వినబడతందన్నావు. మధ్యలో ఎందుకులే అని ఊరుకున్నా."

అమ్మ నవ్వలేదు, లేచి కంచాలు తెచ్చింది. నా భార్య చేట పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. కాస్త తేరుకున్నాక, "పెరుగైతే తోడుకుంది, ఇప్పుడు తీస్త. ఇప్పుడన్న ఆ పెద్దది పెట్టి జర ఇనున్రి" అంది. నేను ఒప్పుకోలేదు. బాగుందంటే ఇంట్లో పెరుగు పోతుంది. బాగాలేదంటే ఇందాకటి పులకరింతకు అర్థం లేకుండా పోతుంది. రెండింటికీ తేడా తెలియకపోతే ఇక నా బతుకే పోతుంది. అందుకని నోరు మూసుకుని గడ్డపెరుగుతో అన్నం తిన్నాను.

సోమవారం సెట్టును మళ్లీ ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ వెళ్లాను. "ఎట్లుంది?" అన్నారు ఆపరేటరు గారు. నిజం చెప్పి నవ్వించి వచ్చేయవలసింది. కానీ నా నోరు, "అంతా బాగుంది సార్, పై స్వరాల్లోనే కొంచెం కరుకుదనం" అంది. ఆయన నా భుజం మీద చెయ్యేశారు. "ఇన్నేండ్ల సంది నాకొక్కనికే ఎరుక అది. నీది మామూలు చెవి కాదు బిడ్డా."

ఆ తర్వాత హాలియా నుంచి కూడా మనుషులు వచ్చి తమ సెట్లు ఎలా ఉన్నాయో నన్ను అడిగేవారు. నేను కళ్లు మూసుకుని గంభీరంగా చెప్పేవాణ్ణి. అప్పటి నాలోని ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మొట్టికాయ వేయాలనిపిస్తుంది, కానీ చెయ్యి రాదు. ఆపరేటరు గారు పోయారు. సెట్టు ఎవరింటికి చేరిందో తెలియదు. అది ఎలా పలుకుతుందో నేను ఈనాటికీ వినలేదు.